కవర్ పాట విని మా మామ ఎందుకు అలిగాడు

పోయిన మాఘమాసంలో ప్రొద్దుటూరులో ఒక పెళ్ళి రిసెప్షన్‌కు వెళ్ళాం. కీబోర్డు, రిథమ్ ప్యాడ్, ఇద్దరు గాయకులు, పక్కన కూర్చున్న మనిషితో కూడా మాట్లాడనివ్వని స్పీకర్లు, అంతా మామూలే. ఆర్కెస్ట్రా వాళ్ళు టీ తాగడానికి కిందికి దిగిన సందులో పెళ్ళికూతురి స్నేహితురాలట, ఒక అమ్మాయి గిటార్ పట్టుకొని స్టేజీ ఎక్కి 'మనసున మల్లెల మాలలూగెనే' పాడింది. తబలా లేదు, వేణువు లేదు, గిటార్ కూడా ఆగి ఆగి మోగింది. పాట అసలు వేగంలో సగం కూడా లేదు. నేను ఓళిగ తుంచి చేతిలో పట్టుకొని అలాగే ఉండిపోయాను. పక్కన మా మామ మాత్రం రెండో లైనుకే మొహం తిప్పుకున్నాడు. "పాట యాడుంది అబ్బీ దీంట్లో? పిల్ల నిద్రపోతా పాడినట్టుంది" అన్నాడు.

కడప చేరేదాకా కారులో ఇదే పంచాయితీ. మామ చెప్పేది ఒకటే: అంత మంచి పాటను ముట్టుకోకూడదు, ముట్టుకుంటే ఉన్నది ఉన్నట్టు పాడాలి. ఉన్నది ఉన్నట్టు అంటే ఎవరిది ఉన్నట్టు అని నేను అడిగితే "భానుమతిది, ఇంకెవురిది" అన్నాడు. చూడటానికి సులువైన జవాబే కానీ ఇందులో పెద్ద చిక్కుముడి ఉంది. పాట భానుమతిదా, రాసిన దేవులపల్లి కృష్ణశాస్త్రిదా, వరస కట్టిన సాలూరి రాజేశ్వరరావుదా, 'మల్లీశ్వరి' తీసిన బి.ఎన్.రెడ్డిదా? (ఆయన మా పులివెందుల వైపు మనిషే కాబట్టి, ఆ లెక్కన మా కడప జిల్లాకూ ఇందులో కాస్త వాటా ఉందని నేనంటే మామ నవ్వలేదు.)

ముందు మాటల దగ్గర గందరగోళం తీసేద్దాం. ఒకరు ఇదివరకే పాడి రికార్డు చేసిన పాటను ఇంకొకరు తమ గొంతుతో, తమ వాద్యాలతో మళ్ళీ పాడితే అది కవర్. పాత రికార్డునే తీసుకొని దానికి కొత్త బీటు తగిలిస్తే రీమిక్స్. కరోకే ట్రాక్ పెట్టుకొని పాడేది సాంకేతికంగా కవరే అయినా, అక్కడ వాద్యాలన్నీ ఎవరో కాపీ కొట్టి పెట్టినవి, మన పని ఖాళీలో గొంతు నింపడమే. మామ మెచ్చుకునే ఆర్కెస్ట్రా పాట ఈ జాతిది. అందులో మంచి గాయకుడు అంటే అచ్చం ఒరిజినల్‌లా పాడినవాడు, అంతే. అది కూడా గొప్ప విద్యే, నేను కాదనను. కానీ ఆ అమ్మాయి చేసింది వేరే పని, దాన్ని ఈ కొలతతో కొలిస్తే సున్నా మార్కులే వస్తాయి.

తేడా ఎక్కడుందంటే, పాట వేరు, రికార్డు వేరు. పాట అంటే మాటలు, వరస. కాగితం మీద రాసుకోవచ్చు, పొలంలో పాడుకోవచ్చు. రికార్డు అంటే ఆ రోజు ఆ గదిలో ఆ మైకు ముందు ఆ మనుషులు ఒక్కసారి పాడి వాయించింది. ఆ కాలపు గ్రామఫోను ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరిగేది, ఒక్కో వైపు సుమారు మూడు నుంచి మూడున్నర నిమిషాలే పట్టేది. మన సినిమా పాట నిడివి అలా స్థిరపడిపోవడంలో ఆ ప్లేటు సైజుకూ చెయ్యుంది. అంటే మనం పాట స్వభావం అనుకునే వాటిలో కొన్ని నిజానికి ఆనాటి సామాను ఇచ్చిన కొలతలు.

విచిత్రం ఏమిటంటే, ఈ తేడాను మనకంటే మన చట్టం బాగా గుర్తుపెట్టుకుంది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం మాటలకు ఒక హక్కు, వరసకు ఒక హక్కు, రికార్డుకు వేరే హక్కు. రికార్డుకు విడుదలైన ఏడాది తరవాత 60 ఏళ్ళు. మాటలకూ వరసకూ ఆ రాసినవాళ్ళు, కట్టినవాళ్ళు చనిపోయాక 60 ఏళ్ళు. ఈ లెక్క 'మల్లీశ్వరి'కి వేసి చూడండి. సినిమా 1951లో వచ్చింది, రికార్డు గడువు 2011 చివరికే అయిపోయింది. కృష్ణశాస్త్రి 1980లో పోయారు, మాటల గడువు 2040 దాకా. రాజేశ్వరరావు 1999లో పోయారు, వరస గడువు 2059 దాకా. మామ ప్రాణంగా చూసుకునే భానుమతి రికార్డు మీద కాపీరైట్ తీరిపోయింది, ఆ అమ్మాయి కొత్తగా పాడిన పాటకు మాత్రం ఇంకా యజమానులున్నారు!

మరి ఆమె పాడటం తప్పా అంటే, పెళ్ళిలో కాబట్టి కాదు. వివాహానికి సంబంధించిన వేడుకల్లో పాడుకోవడాన్ని చట్టం ఉల్లంఘనగా చూడదు. అదే రికార్డు చేసి అమ్మాలంటే కథ మారుతుంది. 2012లో చట్టానికి చేసిన సవరణలో కవర్ల కోసమే 31సి అని ఒక సెక్షన్ పెట్టారు. దాని ప్రకారం మొదటి రికార్డు వచ్చిన సంవత్సరం ముగిశాక ఐదేళ్ళు ఆగాలి (అంతకుముందు రెండేళ్ళే ఉండేది), ముందే రాయల్టీ కట్టాలి, అదీ ఏడాదికి కనీసం 50,000 ప్రతుల లెక్కన. అట్ట మీద పాత గాయకుల పేరు, బొమ్మ వేయకూడదు, ఇది కవర్ వెర్షన్ అని స్పష్టంగా రాయాలి. ఈ అట్ట షరతు చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. చిన్నప్పుడు అనంతపురం బస్టాండులో ఘంటసాల బొమ్మ ఉన్న క్యాసెట్ కొని ఇంటికొచ్చి పెడితే లోపల ఇంకెవరో పాడుతున్నారు, మా నాయన వారం రోజులు ఆ కొట్టువాణ్ణి తిట్టుకున్నాడు. ఆ సెక్షన్‌లోనే ఇంకో షరతు ఉంది: అనుమతి లేకుండా మాటల్లోగానీ వరసలోగానీ మార్పులు చేయకూడదు, సాంకేతికంగా తప్పనిసరైతే తప్ప. అంటే ఈ దారిలో లైసెన్సు తీసుకుంటే మామ చెప్పినట్టు ఉన్నది ఉన్నట్టే పాడాలి. పాటను కొత్తగా వినిపించాలనుకునేవాళ్ళు హక్కుదారు గడప తొక్కి అడగాల్సిందే.

చట్టం సంగతి అలా ఉంచి చెవి సంగతికొద్దాం, మామ కోపం అసలు అక్కడిది. ఆయన ఈ పాటను కడప రేడియోలో జనరంజనిలో విని పెరిగాడు. అప్పట్లో పాట ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చినప్పుడు వినాలి, మళ్ళీ ఎన్నాళ్ళకో. అలా కొన్ని వందలసార్లు విన్న మనిషికి మాటలు, వరసే కాదు, పల్లవికీ చరణానికీ మధ్య వాయించే బిట్లు, గాయని ఊపిరి తీసుకునే చోటు, ప్లేటు మీద గీత పడి వచ్చే గరగర కూడా పాటలో భాగమైపోతాయి. పదేపదే ఎదురైనదాన్ని మనసు ఇష్టపడటం మొదలుపెడుతుందని రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లోనే ప్రయోగాలతో చూపించాడు. 2011లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. ఇష్టమైన సంగీతం వింటున్నప్పుడు మెదడులో డోపమైన్ అనే రసాయనం విడుదలవుతుందని, అది ఒళ్ళు పులకరించే ఘట్టంలోనే కాకుండా ఆ ఘట్టం రాబోతోందని ఎదురుచూసే క్షణాల్లో కూడా విడుదలవుతుందని కనిపెట్టారు. మామ విషయంలో జరిగిందీ అదే అనుకుంటాను. ఇక్కడ ఆ బిట్టు రావాలి అని లోపల అంతా సిద్ధమై ఉంటే అక్కడ ఆ అమ్మాయి ఊరికే గిటార్ తీగ మీద చెయ్యి పెట్టి నిలబడింది. మెట్టు ఉందనుకొని కాలు వేస్తే లేకపోయినట్టు. ఆ చిరాకు నిజమైనదే. దాన్ని ముసలితనపు చాదస్తం అని కొట్టిపారేయడం నాకిష్టం లేదు, ఎందుకంటే నా తరం పాటల్ని ముట్టుకుంటే నాకూ ఇలాగే కాలుతుంది.

ఇంతకీ ఆ అమ్మాయి ఏం చేసింది? మొదటిది, శృతి బాగా కిందికి దించుకుంది. పై స్థాయికి ఎక్కి పాడాల్సిన పని లేకపోయేసరికి గొంతు పాడుతున్నట్టు కాకుండా చెవి దగ్గర చెబుతున్నట్టు అయింది. రెండోది వేగం. తెలుగులో మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, అందుకే పాటను ఎంత నెమ్మది చేసినా తెగిపోదు, 'ఊగెనే' అన్నప్పుడు చివరి ఏత్వాన్ని పట్టుకొని ఎంతసేపైనా ఊగవచ్చు. ఇంగ్లీషు పాటలో మాట హల్లు దగ్గర ఠక్కున ఆగిపోతుంది, దాన్ని సాగదీయడానికి వాళ్ళు వేరే తంటాలు పడాలి. మన భాషకు నెమ్మది పాట పుట్టుకతో వచ్చిన సౌకర్యం.

మూడోది కార్డ్స్, అంటే కొన్ని స్వరాలను కలిపి ఒకేసారి మోగించడం. మన పాటలు స్వరం వెంట స్వరంగా నడిచేవి, కింద ఒకేసారి మూడు స్వరాలు మోగించే పద్ధతి మనది కాదు, పడమటి సంగీతం నుంచి వచ్చింది. దాని మాయ తెలుసుకోవాలంటే ఇంట్లో కీబోర్డు ఉంటే ఇలా చేసి చూడండి. కుడిచేత్తో ఒక్క 'స' పట్టుకొని ఉండండి. ఎడమచేత్తో ముందు స-గ-ప మోగించండి (గాంధారం, ధైవతం పెద్దవి), ఇంటికి చేరినట్టుంటుంది. ఇప్పుడు కుడిచెయ్యి కదపకుండా కింద ధ-స-గ మోగించండి. అదే 'స' కళ్ళలో నీళ్ళు తిప్పుకున్నట్టు అవుతుంది. మ-ధ-స మోగిస్తే ఎక్కడికో బయలుదేరుతున్నట్టు. పైన స్వరం మారలేదు, అంటే వరస మారలేదు, మారింది కింద నేల. ఆ అమ్మాయి ఇలాంటిదే చేసింది, పల్లవి మొదటిసారి వచ్చినప్పుడు కింద వెలుగు, మళ్ళీ తిరిగొచ్చినప్పుడు నీడ. వరసలో ఒక్క స్వరం కూడా తప్పలేదు, మామ వింటే కదా.

నాలుగోది నన్ను నిజంగా పట్టుకుంది. ఆ పాట చరణంలో ఏముందో గుర్తు చేసుకోండి. కొమ్మల్లో గువ్వలు గుసగుసలాడినా, రెమ్మల్లో గాలి వీచినా, కొలనులో అలలు గలగలమన్నా నువ్వే వచ్చావనుకొని చూశాను అంటుంది సినిమాలో కథానాయిక మల్లి. అవన్నీ చాలా చిన్న చప్పుళ్ళు. చుట్టూ ఏ అలికిడీ లేనప్పుడే, అదీ ఒకరి కోసం చెవులు రిక్కించి కూర్చున్నప్పుడే వినిపించేవి. వాద్యాలన్నీ కలిసి మోగుతున్నప్పుడు ఆ మాటలు అందంగా ఉండేవి, అంతవరకే. ఈ అమ్మాయి గిటార్ ఆపేసి ఆ చోట ఉత్త గొంతుతో పాడితే, కల్యాణమండపంలో ఫ్యాన్లు తిరిగే చప్పుడు, వెనకాల ఎవరో స్టీలు గ్లాసు పెట్టిన చప్పుడు నాకు వినపడ్డాయి, నేను కూడా మల్లిలాగా చిన్న చప్పుళ్ళు వింటున్నానని అర్థమైంది. ఆ పాటను ఇన్నేళ్ళు సంతోషం పాటగానే విన్నాను. ఇక వదిలి వెళ్ళకు అని బతిమాలే చివరి మాటల్లో ఎంత భయముందో ప్రొద్దుటూరులో తెలిసింది. భయం కృష్ణశాస్త్రి రాసినప్పుడే అందులో ఉంది, కొత్తగా పెట్టింది కాదు. నా వరకు మంచి కవర్ అంటే ఇదే: పాటలో ముందునుంచీ ఉండి, పాత రికార్డు వెలుగులో మనకు కనపడకుండా పోయినదాన్ని చూపించేది.

బయటి దేశాల్లో దీనికి బాగా తెలిసిన ఉదాహరణ 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ'. డాలీ పార్టన్ 1973లో రాసి పాడి, 1974లో విడుదల చేసింది. తనను పైకి తెచ్చిన మనిషితో కలిసి పనిచేయడం మానేస్తూ మర్యాదగా చెప్పిన వీడ్కోలు అది, చివరి చరణం పాడదు కూడా, మాట్లాడుతుంది. 1992లో విట్నీ హ్యూస్టన్ పాడేసరికి అదే పాట కొండంత అయింది. మొదట్లో చాలాసేపు ఒక్క వాద్యం లేదు, గొంతే. చివర్లో ఒక్క డ్రమ్ము దెబ్బ, వెంటనే శృతి పైకి లేచి ఆకాశం బద్దలవుతుంది. మాటలు అవే. ఒకరిది గడప దగ్గర నిలబడి చెప్పిన వీడ్కోలు, ఇంకొకరిది ఊరంతా వినేలా ఏడ్చిన ఏడుపు. అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో విట్నీ రికార్డు 14 వారాలు మొదటి స్థానంలో ఉంది. పాటకూ రికార్డుకూ తేడా డబ్బుల్లో కూడా ఇక్కడ తెలుస్తుంది. అంతకు చాలా ఏళ్ళ ముందు ఎల్విస్ ప్రెస్లీ ఈ పాట పాడతానన్నాడు, ఆయన మేనేజర్ మాత్రం పాట హక్కుల్లో సగం కావాలన్నాడు. డాలీ ఇవ్వనంది. ఎల్విస్ తన పాట పాడే అవకాశం పోయినందుకు ఆ రాత్రంతా ఏడ్చానని ఆమే చెప్పుకుంది. తరవాత విట్నీ రికార్డు అమ్ముడైన కొద్దీ రాసినావిడకు వాటా వచ్చింది.

ఈ మధ్య ఉదాహరణ కావాలంటే 'ఫాస్ట్ కార్'. ట్రేసీ చాప్‌మన్ 1988లో పాడింది, 2023లో ల్యూక్ కూంబ్స్ అనే, 'కంట్రీ' అని పిలిచే అమెరికా పల్లె బాణీ పాటలు పాడే గాయకుడు దాదాపు ఏమీ మార్చకుండా పాడాడు. ఆ పాటలో మాట్లాడేది దుకాణంలో బిల్లులు కొట్టే ఒక అమ్మాయి, అతను ఆ మాటను కూడా మార్చలేదు, మగగొంతుతోనే ఆ అమ్మాయి కథ చెప్పాడు. ఆ ఏడాది కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఉత్తమ గీతం బహుమతి, పాట పుట్టిన 35 ఏళ్ళకు, రాసిన చాప్‌మన్‌కు వెళ్ళింది. ఈ ఆడ-మగ సంగతిలో తెలుగుకు ఒక అదృష్టం ఉంది. హిందీలో 'నేను వచ్చాను' అనాలంటే పాడేది ఆడో మగో క్రియలోనే తెలిసిపోతుంది, కవర్ పాడేవాళ్ళు ఒకటి మార్చాలి, లేదా అలాగే ఉంచి ధైర్యం చేయాలి. తెలుగులో 'వచ్చాను', 'చూశాను' ఎవరైనా అనొచ్చు. 'మనసున మల్లెల' పాటను మగవాడు పాడాలన్నా ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. చిక్కు వచ్చేది బావా, మామా, చెలీ అని పిలిచే పాటల్లోనే.

ఉన్నది ఉన్నట్టు పాడాలన్న మామ సూత్రానికి నా దగ్గర ఉన్న పెద్ద జవాబు కారులో మైదుకూరు దాటాక గుర్తొచ్చింది. మామ పొద్దున్నే పూజ దగ్గర పెట్టుకునే అన్నమయ్య కీర్తనలు. తాళ్ళపాక మన కడప సీమదే. రాగిరేకుల మీద మాటలున్నాయి, రాగం పేరు ఉంది, కానీ చాలావాటికి స్వరం లేదు. అన్నమయ్య వాటిని ఏ వరసలో పాడుకున్నాడో మనకు తెలిసే దారి లేదు. మనం వింటున్న వరసలు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. అలా కట్టినవాళ్ళలో ముందువరసలో ఉన్న రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) అనంతపురం జిల్లా రాళ్ళపల్లి మనిషి. 'నానాటి బతుకు నాటకము' అనగానే అందరి చెవుల్లో మోగే రేవతి రాగం వరస నేదునూరి కృష్ణమూర్తి కట్టినది. మామ దాన్ని అన్నమయ్య నోటినుంచి నేరుగా వచ్చినట్టు వింటాడు. అంటే ఒక మార్పు బాగా కుదిరితే, నలభై ఏళ్ళు విన్నాక, అదే ఒరిజినల్ అయి కూర్చుంటుంది. ఇది చెబితే మామ కాసేపు మాట్లాడలేదు, తరవాత "వాళ్ళు పండితులు, ఈ పిల్ల ఎవురు" అన్నాడు. అది కూడా ఆలోచించాల్సిన మాటే, మార్చే హక్కు ఎవరికి ఉంటుందో మనం ముందే నిర్ణయించుకొని వింటాం.

నాకు నచ్చని కవర్లు లేవా అంటే బోలెడు. ఇప్పుడొక ఫ్యాషన్ వచ్చింది, ఏ పాటైనా సరే సగం వేగానికి దించి, గొంతులో గాలి నింపుకొని, గుసగుసగా పాడి, వెనకాల వాన చప్పుడు పెట్టడం. తిరునాళ్ళ పాట కూడా అలాగే, జోలపాట కూడా అలాగే. అలాంటివి విన్నప్పుడు ఏ మాటకు ఆగారు, ఎందుకు ఆగారు అని అడిగితే జవాబు ఉండదు. ఇంకొకటి 1997లో వచ్చిన ఆటోట్యూన్ లాంటి సాఫ్ట్‌వేర్లను మొరటుగా వాడటం. అవి స్వరాన్ని సరిగ్గా గీత మీదకు లాగుతాయి. మన గమకం బతికేదే గీతకూ గీతకూ మధ్య ఊగడంలో. ఆ ఊపును తప్పు అనుకొని యంత్రం ఇస్త్రీ చేసేస్తుంది. శృతి తప్పలేదు, పాట చచ్చిపోయింది. ఆ పెళ్ళిలో అమ్మాయి ఒకటి రెండు చోట్ల కొంచెం జారింది కూడా, నాకేమీ అనిపించలేదు.

ఇంటికి చేరాక మామ పంతం పట్టాడు, అసలు పాట పెట్టు, తేడా ఏందో నీకే తెలుస్తుంది అని. ఫోన్‌లో భానుమతి రికార్డు పెట్టాను. పల్లవి అయింది, మొదటి చరణం అయింది, మామ కళ్ళు మూసుకొని వింటున్నవాడు మధ్యలో కళ్ళు తెరిచి ఫోన్ వైపు అనుమానంగా చూశాడు. "ఏం అబ్బీ, ఇంత బిరీన పాడిండేనా ఆయమ్మ? స్పీడు ఏమన్నా పెంచినావా?" నేనేమీ పెంచలేదని చూపించాను. ఇంకోసారి పెట్టమన్నాడు. పెట్టాను.